వంటింటికి ఏ వైరు వేయాలి

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా నిర్మాణ సంస్థ నన్ను నాచారంలో కడుతున్న ఒక అపార్ట్‌మెంటుకు ఎలక్ట్రికల్ ఇన్‌చార్జిగా వేసింది. ఐదు అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. మా ఇల్లు ఉప్పల్‌లోనే కాబట్టి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. డిప్లొమా చేసి, మల్లాపూర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే షెడ్డులో ఉద్యోగం మొదలుపెట్టిన నాకు ఆ చుట్టుపక్కల వీధులన్నీ తెలుసు.

సైట్‌లో సూపర్‌వైజర్ లైసెన్సు నా పేరు మీద ఉండేది. వైరింగ్ పూర్తయ్యాక పరీక్షల రిపోర్టు మీద నేను సంతకం చేస్తేనే మీటర్లు వస్తాయి. జీతం చిన్నదే, ర్యాంకు మధ్యస్థమే కానీ, ఆ ఒక్క సంతకం దగ్గర యజమాని కూడా ఆగాల్సిందే.

వైరు మందాన్ని చదరపు మిల్లీమీటర్లలో చెబుతాం. సైట్‌లో ఎవరిని అడిగినా టూ పాయింట్ ఫైవ్, ఫోర్ అంటారు. నేను ఇక్కడ రెండున్నర, నాలుగు అని రాస్తాను. మా యజమాని ఒక్కో వంటింటికి ఒకే రెండున్నర సర్క్యూట్ చాలన్నారు. ఒక పైపు, మూడు వైర్లు, సాకెట్ నుంచి సాకెట్‌కు లూపు, పని అయిపోయినట్టే. నేను ఒప్పుకోలేదు. ఇప్పటి వంటింట్లో ఇండక్షన్ పొయ్యి, కెటిల్, మైక్రోవేవ్, మిక్సీ, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. ఉదయం పూట ఇవి కలిసి నడిస్తే రెండున్నర వైరు మోయవలసిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతాయి. అప్పుడు దానికి పెట్టిన ఇరవై ఆంపుల బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజు ఎవరినో పిలిచి ముప్ఫైరెండు ఆంపుల బ్రేకర్ పెట్టించుకుంటారు. ఇక బ్రేకర్ పడదు, గోడలో వైరు కాలుతుంది. అందుకని నాలుగు వైరు వేయాలని, లేకపోతే సంతకం చేయనని చెప్పాను. వారం రోజులు వాదన జరిగింది. చివరికి నాలుగు మందం వైరు కట్టలు సైట్‌కు వచ్చాయి. గెలిచానని అనుకున్నాను.

వైరింగ్ కాంట్రాక్టు యాదగిరిది. జనగామ వైపు మనిషి, యాభై దగ్గర పడ్డవాడు, ఇరవై ఏళ్లుగా నగరంలోనే పని. అతనికి కూలి పాయింటు లెక్కన. ఒక సాకెట్ బిగిస్తే ఒక పాయింటు. వైరు సన్నదైనా మందమైనా అదే రేటు. నాలుగు వైరు బిరుసుగా ఉంటుంది. పైపు మలుపుల దగ్గర లాగడానికి ఇద్దరు కావాలి. ఇదంతా నాకు తెలియనిది కాదు. అయినా మందం మార్చినప్పుడు అతన్ని ఏమీ అడగలేదు. మీరు జెప్పినట్లే జేస్తం మేడం అని ఊరుకున్నాడు. అంత త్వరగా ఒప్పుకున్నాడేమిటా అని నేను ఆలోచించి ఉండాల్సింది.

కింది రెండు అంతస్తులు పూర్తయ్యాయి. పదహారు ఫ్లాట్లకూ మెగ్గర్ పరీక్ష చేశాను. వైరు పైతొడుగు ఎక్కడైనా దెబ్బతిని కరెంటు బయటికి కారుతోందా అని చూసే పరికరం అది. అన్నీ బాగున్నట్టే చూపించింది. అదే వారం మొదటి అంతస్తులో ఫ్లాటు కొన్న సరోజన వచ్చింది. అంబర్‌పేట్‌లో అద్దెకుండేది. ఫ్యాక్టరీ కార్మికులకు టిఫిన్ బాక్సులు కట్టి పంపడం ఆమె జీవనాధారం. వంటింట్లో నిలబడి, సాకెట్లు లెక్కపెట్టి, నన్ను సూటిగా అడిగింది.

“పొద్దుగాల ఐదింటికి అన్నీ ఒక్కసారే పెడ్త మేడం. రెండు గంటలు ఒక్కటి గూడ బంద్ జెయ్య. ఆగుతదా?”

తట్టుకుంటుందని నోటితో చెప్పడం కంటే చూపించడమే నయమనిపించింది. మర్నాడు మా ఇంట్లోని ఇండక్షన్ పొయ్యి, కెటిల్ తీసుకెళ్లాను. మైక్రోవేవ్ సైట్ ఆఫీసులోది. తాత్కాలిక కరెంటు ఇప్పించి, సరోజన ఎదుటే అన్నీ ఆన్ చేశాను. కెటిల్‌లో నీళ్లు మరిగినప్పుడల్లా పారబోసి మళ్లీ నింపాను. ముప్పావుగంట గడిచేసరికి సన్నగా ప్లాస్టిక్ వాసన వచ్చింది. మధ్య సాకెట్ ప్లేటు మీద వేళ్లు పెట్టి వెంటనే తీసేశాను. వైరు సామర్థ్యానికి తగ్గట్టు ముప్ఫైరెండు ఆంపుల బ్రేకర్ పెట్టించింది నేనే. అది కదలలేదు. లోడు ముప్ఫైరెండు దాటలేదు కాబట్టి, కదలడానికి దానికి కారణమూ లేదు.

 సరోజన నా ముఖం చూసింది. ముప్ఫై ఏళ్లకు పైబడిన ఉద్యోగంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మెయిన్ ఆపి సాకెట్ విప్పాను. నాలుగు వైరులో సన్నని రాగి పోగులు యాభై ఆరు ఉంటాయి. స్క్రూ కింద నాకు కనిపించినవి అందులో సగం కూడా లేవు. మిగతావి కటింగ్ ప్లేయర్‌తో నీటుగా కత్తిరించి ఉన్నాయి. పైపులో ఉన్నది నాలుగు వైరే. సాకెట్ దగ్గరికి వచ్చేసరికి అది రెండున్నర కంటే సన్నం. పైతొడుగు బాగానే ఉంది కాబట్టి మెగ్గర్‌కు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. పక్క ఫ్లాట్లలో మరో ఆరు సాకెట్లు విప్పాను. అన్నిటిలోనూ అదే కథ.

యాదగిరిని పిలిపించి, కోపంగానే అడిగాను. అతను తప్పించుకోలేదు. తన మనుషులు కత్తిరించిన మాట నిజమేనని, తానే కత్తిరించమన్నానని చెప్పాడు. తర్వాత సంచిలోంచి ఒక కొత్త సాకెట్, నాలుగు మందం వైరు ముక్కలు రెండు తీసి నా చేతిలో పెట్టాడు.

“లూపు గదా మేడం, ఒక్క స్క్రూ కింద రెండు వైర్లు దూరాలె. మీరే పెట్టి సూడున్రి.”

కొనుగోలు విభాగం తెచ్చిన ఆ సాకెట్లలో వైరు దూర్చే రంధ్రం చిన్నది. రెండు వైర్లనూ కలిపి మెలిపెట్టి మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగోసారి ఎలాగో దూరాయి. కానీ ఆ బిరుసు వైర్లను మడిచి సాకెట్‌ను గోడలోని డబ్బాలోకి నెట్టబోతే ఒకటి ఊడి వచ్చింది. చెమటతో స్క్రూడ్రైవర్ జారుతోంది. అతను పక్కనే నిలబడి చూశాడే గానీ, నవ్వలేదు.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు సారుతోని కొట్లాడి తెప్పించిన్రు. ఆ వైరు పట్టదని నేనెట్ల జెప్పాలె? మీరు గూడ అడుగలె.”

అది నిజమే. అయితే పోగులు కత్తిరించడం పొరపాటు కాదని, ఒక కుటుంబాన్ని నిప్పు పక్కన పడుకోబెట్టడమని మాత్రం గట్టిగానే చెప్పాను. అతను తల వంచుకున్నాడు. ఇద్దరం అక్కడే సిమెంటు బస్తాల మీద కూర్చున్నాం. ఏం చేయాలో అప్పుడు అతన్ని అడిగాను.

నాలుగు వైరు అవసరమే లేదన్నాడు. రెండున్నరతో రెండు వేరువేరు సర్క్యూట్లు వేస్తే లోడు సగానికి సగం అవుతుంది. పొయ్యి, కెటిల్ ఒకదాని మీద, మిగతావి ఇంకోదాని మీద. రెండున్నర మందం వైర్లయితే రెండూ ఒక స్క్రూ కింద సుఖంగా పడతాయి. ఒక్కో సర్క్యూట్‌కు ఇరవై ఆంపుల బ్రేకరే కాబట్టి వైరుకు రక్షణా ఉంటుంది. రెండో పైపు కోసం గోడ పొడవునా గాడి కొట్టాలి కదా, ప్లాస్టరింగ్ అయిపోయింది కదా అన్నాను. వాషింగ్ మెషిన్ కోసం వెనక బాల్కనీకి వేసిన అంగుళం పైపు వంటింటి గోడ అవతలి నుంచే పోతోందని, అందులో ఇంకో మూడు వైర్లకు చోటుందని, అక్కడ గోడకు ఒక్క రంధ్రం కొడితే సరిపోతుందని చూపించాడు. కొలిచి చూశాను. అతను చెప్పింది నిజం. డ్రాయింగ్ గీసినప్పుడు నాకు తట్టని దారి అది.

సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన వినడం పూర్తిచేసి, మెల్లగానే అన్నారు. “అప్పుడు మీరే పట్టుబట్టిన్రు మేడం. ఇప్పుడు మీరే తప్పంటున్నరు.”

అవునన్నాను. పై మూడు అంతస్తులు కొత్త పద్ధతిలో చేసుకోమని, కింది రెండింటిని కదిలించవద్దని, పరీక్షల్లో పాసైనవే కదా అని ఆయన సలహా ఇచ్చారు. నేను సైట్ రిజిస్టర్ తెప్పించి ఆయన ఎదుటే రాశాను: పదహారు ఫ్లాట్ల వంటింటి వైరింగ్ నా నిర్ణయం వల్ల, కాంట్రాక్టరు పనితనం వల్ల లోపభూయిష్టం, తిరిగి చేయాలి, అప్పటిదాకా ఏ ఫ్లాటుకూ సంతకం లేదు. నా పేరు మొదట రాశాను. రిజిస్టర్‌లోకి ఎక్కినదాన్ని ఎవరూ చింపలేరు. ఆయన అది చదివి, ఎన్ని రోజులని అడిగారు. మూడు వారాలన్నాను. తిరిగి చేసే పనికి యాదగిరి కూలి అడగలేదు. సామాను సంస్థ ఇచ్చింది.

సరోజనకు చెప్పడం అంతకంటే కష్టమైంది. ఆమె అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని మాటిచ్చేసింది, వేరే వాళ్లు దిగడానికి సిద్ధంగా ఉన్నారు. నా మీద కోప్పడింది, కోప్పడే హక్కు ఉంది. గిన్నెలు, పొయ్యిలు అన్నీ ఆటోలో వేసుకుని చర్లపల్లిలో చెల్లెలి ఇంటికి చేరింది. ఆ దూరం నుంచి బాక్సులు వేళకు అందక కొందరు గిరాకీలు పోయారని తర్వాత తెలిసింది. వాళ్లను నేను తిరిగి తెచ్చి ఇవ్వలేకపోయాను.

మూడు వారాలు ఇరవైనాలుగు రోజులయ్యాయి. యాదగిరి ప్రతి సాకెట్‌నూ మూత బిగించకముందు నాకు చూపించేవాడు. పదహారు వంటిళ్లలోనూ గంట చొప్పున పూర్తి లోడు పెట్టాను. సరోజన ఫ్లాటులో ఆమెను రమ్మన్నాను. గంట తర్వాత ఆమే వెళ్లి ఒక్కో ప్లేటు మీద అరచేయి ఆనించి చూసింది.

“సల్లగున్నయి,” అంది. తాళాలు తీసుకుంది.

ఆ రోజే ఆ పదహారు రిపోర్టుల మీద సంతకాలు చేశాను.

వైరు ఎంచుకునేటప్పుడు ధర, కూలి, లోడు మూడూ చూడాలని పుస్తకాలు చెబుతాయి. కూలి అంటే రోజులు, రేట్లు మాత్రమేనని నేను అనుకునేదాన్ని. ఆ వైరుతో చేతులు ఏం చేయగలవు, ఏం చేయలేవు అన్నది కూడా కూలిలో భాగమే. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చేతులు తమ దారి తాము వెతుక్కుంటాయి. మిగిలిన రెండేళ్లలో ఏ డ్రాయింగ్ మీదా సంతకం చేసే ముందు, ఆ పని చేయబోయే మనిషిని పిలిచి, ఆ వైరుతో ఒక సాకెట్ బిగించి చూపించమనేదాన్ని. పది నిమిషాల పని. రెండుసార్లు డ్రాయింగ్ మార్చాల్సి వచ్చింది.