దక్షిణ ద్వీపంలో అరుంధతి కోసం

మా వివాహం మిర్యాలగూడలో మిట్టమధ్యాహ్నపు లగ్నంలో జరిగింది. పురోహితుడు మమ్మల్ని పందిరి వెలుపలికి నడిపించి, ఎండ కాగుతున్న ఉత్తరాకాశం వైపు వేలు చూపి, "అరుంధతి కనబడ్డదా?" అని అడిగాడు. నా భార్య రాజ్యలక్ష్మి తల వంచుకొని "కనబడ్డది" అన్నది. పగటి పెండ్లిండ్లలో అందరూ అనే మాటే అది. తరువాత నలభై యేండ్లకు పైగా, నేను కోదాడలో తెలుగు పండితుడిగా పనిచేసినప్పుడూ, సూర్యాపేటలో స్థిరపడిన పిమ్మటా, డాబా మీద నిలబడి వసిష్ఠుని చెంతనుండే ఆ చిన్న చుక్కను ఆమెకు ఎన్నిసార్లు చూపానో లెక్కలేదు. చూపినప్పుడల్లా ఆమె "ఆ" అనేది.

నిరుడు చలికాలంలో కంటి పొర తీయించుకొని, దూరపు చూపు వచ్చిన తరువాత గాని ఆమె అసలు సంగతి చెప్పలేదు.

"నాకు ఎన్నడూ కనబడలే. చిన్ననాటి సంది దూరం ఆనదు. మీరు గంత ముచ్చటగ చెప్తుంటే లేదనబుద్ధి గాలే."

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మళ్ళీ డాబా ఎక్కాం. రహదారి దీపాల కాంతిలో వసిష్ఠుడు ఒక్కడే కనబడ్డాడు. ఆమె పుట్టిల్లు నేరేడుచర్లకు వెళ్ళాం. అక్కడ మిల్లుల వెలుగూ, ఊక పొగా అడ్డం వచ్చాయి. ఆ సమయంలోనే కోదాడ మిత్రుడొకడు మారిషస్ నుండి తిరిగివచ్చి, అగ్నిపర్వతం నుండి పుట్టిన ఆ దీవిలో త్రిశంకు నక్షత్రం దక్షిణాకాశంలో సగానికి పైగా ఎత్తున నిలుస్తుందని చెప్పాడు. త్రిశంకుని చూడాలన్నది నా చిరకాల వాంఛ. అరుంధతిని ఒక్కసారైనా చూడాలన్నది ఆమె ఆశ. చీకటి ఆకాశముంటే రెండూ తీరుతాయనుకొన్నాను.

వైశాఖ బహుళ ద్వాదశినాడు ఉదయం ఆరింటికి సూర్యాపేట కొత్త బస్టాండులో హైదరాబాదు బస్సెక్కాం. దద్ధ్యోదనం, చింతకాయ తొక్కు వెంట ఉన్నాయి. పక్క సీటులో గరిడేపల్లి నుండి దవాఖానకు వెళుతున్న ఒకావిడ మా ప్రయాణ కారణం విని బుగ్గన వేలేసుకొన్నది.

"సుక్కలు సూసేటందుకు సముద్రం దాటిపోతున్రా? మా పొలంకాడ మంచమేసుకుంటే కనబడయా?"

"మీ పొలం చుట్టు మిల్లు లైట్లే గద అక్కా," అన్నది రాజ్యం.

"గదీ నిజమే. మాకు సుక్కలు సూసే తీరిక యాడిది? పండుకుంటే తెల్లారుడే."

మధ్యాహ్నం విమానంలో ముంబయి చేరి, రాత్రి అక్కడే బస చేసి, మరునాడు ఉదయం మరొక విమానం ఎక్కాం. ఆరు గంటల ప్రయాణం. దిగిన తరువాత గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. విమానాశ్రయానికి దగ్గరలో, సముద్రపుటొడ్డున ఒక చిన్న విడిదిలో దిగాం. మాకు కుదిరిన కారు డ్రైవరు సింహాద్రి తెలుగువాడే. అతని ముత్తాత చెరకు తోటల పనికి విశాఖ నుండి వచ్చాడట. "నాకు తెలుగు కొంచెం. మా నానమ్మకు చాలా," అన్నాడు నవ్వుతూ.

మొదటి సాయంత్రం ఏడున్నరకు అతడు మమ్మల్ని దక్షిణ తీరాన నల్లరాతి కొండకొమ్ముకు తీసుకొని వెళ్ళాడు. సముద్రం రాతిని మోదుతున్నది. తలయెత్తితే త్రిశంకుడు! మా ఊళ్ళో నేలను రాసుకొంటూ, దుమ్ములో మునిగి తేలే ఆ నాలుగు చుక్కలు అక్కడ దుమ్ముకు అందనంత ఎత్తున వెలుగుతున్నాయి. నైరుతిలో అగస్త్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. నేను మైమరచి చెబుతూనే ఉన్నాను. ఆమె అంతా విని, మెల్లగా అడిగింది.

"మరి నా అరుంధతి ఏది?"

ఉత్తరానికి తిరిగాను. మా వెనుక కొండలు, వాటిపై మబ్బులు. దక్షిణానికి పోయిన కొద్దీ ఉత్తరపు చుక్కలు కుంగుతాయని పిల్లలకు పాఠం చెప్పిన నేను, త్రిశంకుని మీది మోజులో ఆ మాటే మరచిపోయాను. నా కోరికకు దిక్కు చూసుకొన్నాను గాని, ఆమె కోరికకు చూడలేదు.

మరునాడు దీవి నడిబొడ్డున గంగా తలావ్ అనే సరస్సు దగ్గర శివదర్శనం చేసుకొని, చీకటి పడేదాకా వేచి ఉన్నాం. అది చల్లారిన అగ్నిపర్వత బిలంలో నిలిచిన నీరు. పొగమంచు కమ్మి, ఒడ్డునున్న ఆకాశమెత్తు శివుని విగ్రహమే మాయమైంది. ఇక చుక్కల మాట దేనికి? నా వెనుక వచ్చేవారు ఎత్తు ప్రదేశాలను నమ్ముకోవద్దు. ఉన్ని బట్టలు మాత్రం మరువవద్దు.

"మామ్మకు ఉత్తరం కావాలి. దీవి చివరికి పోదాం," అన్నాడు సింహాద్రి. ఆ ఉత్తరపు కొసకు ఫ్రెంచివారు పెట్టిన పేరుకు దురదృష్టపు అగ్రమని అర్థమట.

"పేరు మంచిగనే ఉన్నది," అన్నది రాజ్యం.

మూడవ రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ చేరాం. హోటళ్ళ దీపాలు వెనుకబడేదాకా నడిచి, ఒక నల్లరాతి మీద కూర్చున్నాం. సముద్రం మీద తక్కువ ఎత్తులో సప్తర్షులు కనబడ్డారు. ఆమె ముందుకు వంగి వెదికింది.

"పెద్ద సుక్క కుడిపక్కకు, జర కిందికి. సన్నగ. సూదిమొనంత ఉన్నది. అదేనా?"

"అదే," అన్నాను.

నా కండ్లకు వసిష్ఠుడే ఒక మసక మరక. కండ్లద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకొన్నాను. ఈసారి ఆ మరక కూడా దొరకలేదు. ఏడాదిగా చూపు తగ్గుతున్నదని తెలిసీ నేను ఎవరికీ చెప్పుకోలేదు.

"మీకు కనబడ్డదా?" అన్నది.

"కనబడ్డది."

ఆమె నా చేయి పట్టుకొన్నది.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదు నుండి ఉదయపు బస్సు. నార్కట్‌పల్లి వద్ద మిర్యాలగూడ దారి చీలుతుంది. ఆ దారి దాటిపోయేదాకా చూసి ఆమె అన్నది:

"అద్దాలు తుడుసుకొని కనబడ్డదన్నరు సూడుండ్రి, అప్పటికే మబ్బొచ్చి రెండు సుక్కలనూ కప్పింది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"నేను నలభై యేండ్లు దాచిన. మీరు గన్ని దినాలు దాయకుండ్రి. రేపు కండ్ల దవాఖానకు పోదాం. పొర తీయించుకుంటే ఇగ నేనే సూపిస్త మీకు."

దీవులు చూశాను, త్రిశంకుని చూశాను. కాని నా ప్రాణం ఇంకా ఆ సూదిమొనంత వెలుగు కోసమే కొట్టుకొంటున్నది. సూర్యాపేటలో దిగేసరికి పన్నెండు. ఎండ మండుతున్నది. ఆటో కోసం నిలుచున్నప్పుడు రాజ్యం ఉత్తరం వైపు వేలు చూపి, పురోహితుని గొంతుతో అడిగింది.

"అరుంధతి కనబడ్డదా?"

"కనబడలే," అన్నాను.