మడి వంటింటికి లైసెన్సు

మా మనవడి భార్య పటమటలో ఇంట్లోనే కందిపొడి, ఉసిరికాయ పచ్చడి చేసి అమ్మడం మొదలుపెట్టింది. గాజు సీసాలు కొన్నది, అవి చాలక వాటికి అట్టపెట్టెలు కూడా కొన్నది. ఆ దుబారా సంగతి ఇప్పుడు వద్దు. మొన్న ఫోను నా మొహం ముందు పెట్టి లైసెన్సు వచ్చిందని చూపించింది. "వంటిల్లు చూడ్డానికి ఎవరొచ్చారే?" అన్నాను. "ఎవరూ రాలేదు బామ్మగారూ, అంతా ఫోన్లోనే" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, మా నాన్న పోయాక, బెజవాడలో కాలవ పక్క సందులో ఒక వసారా, వంటిల్లూ అద్దెకు తీసుకుని మా అమ్మ ఇడ్లీలు అమ్మేది. నేనప్పుడు నాలుగో క్లాసు. ఆ సందులో అందరూ ఆచారం గల బ్రాహ్మలు. హోటల్లో ఎవరు వండారో, ఎవరు ముట్టుకున్నారో అని అక్కడ కాఫీ కూడా తాగేవాళ్ళు కాదు. అమ్మ తెల్లవారకుండానే నూతి దగ్గర స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని వండుతుందని అందరికీ తెలుసు. మడిలో ఉన్న అమ్మని నేను కూడా ముట్టుకోకూడదు. గిన్నె గడప ఇవతల పెట్టి వెనక్కి జరిగితే, పైనుంచి ఇడ్లీలు జారవిడిచేది. "మీ అమ్మ చేతి ఇడ్లీ దేవుడికి నైవేద్యం పెట్టచ్చే" అనేవారు ఎదురింటి తాతగారు, కారప్పొడిలో నెయ్యి ఇంకాస్త వెయ్యమని గిన్నె చాపుతూ. మా ఇద్దరి తిండీ, నా చదువూ ఆ ఇడ్లీపాత్ర మీదే నడిచేవి.

ఇంట్లో వండి అమ్మేవాళ్ళకి కూడా లైసెన్సు ఉండాలని, వంటిల్లు చూసిగానీ ఇవ్వరని మునిసిపాలిటీ నుంచి కబురొచ్చింది. వెనకాలే శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుంటూరు వైపు క్రైస్తవుడు, మెత్తటి మనిషి. బూట్లు వీధిలోనే విప్పాడు. అమ్మ గడపకి అడ్డంగా నిలబడింది.

"మడిలో ఉన్నానండీ. మా ఆడపడుచునే లోపలికి రానివ్వను."

"శుభ్రంగా ఉందని రాయాలి కదమ్మా. చూడకుండా ఎట్లా రాయమంటారు?"

"సందులో ఎవర్నైనా అడగండి."

"సందులోవాళ్ళు సంతకం పెట్టరమ్మా, నేను పెట్టాలి."

చూడనివ్వకపోతే అమ్మకం ఆపేయాలని, పై వారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ వారమంతా అమ్మ పప్పు రుబ్బేటప్పుడు పొత్రాన్ని విసురుగా తిప్పేది. ఆయన మళ్ళీ వచ్చిన రోజు గడప వదిలి పక్కకి తప్పుకుంది. ఆయన నీళ్ళబిందె మూత తీసి చూశాడు, పొయ్యిగట్టు మీద వేలు రాసి చూసుకున్నాడు. "మా ఇంట్లో కూడా ఇంత శుభ్రం ఉండదమ్మా" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఆయన వెళ్ళాక అమ్మ వంటిల్లంతా కడిగి, పొయ్యి అలికి, మళ్ళీ తలమీద నుంచి నీళ్ళు పోసుకుంది. దాంతో సరిపోయిందనుకుంది.

మర్నాడు ఇడ్లీలు ఉడికాయి గానీ, గిన్నె పట్టుకుని ఒక్కరూ రాలేదు. అమ్మ నన్ను ఎదురింటికి పంపింది. తాతగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. తలెత్తకుండానే, "వంటింట్లోకి ఎవర్ని పడితే వాళ్ళని రానిచ్చాక ఇంకేం తింటామే. లైసెన్సు వచ్చిందిగా, ఆయనకే అమ్ముకోమను" అన్నారు. లోపల ఎవరో నవ్వారు. ఆ మాట అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. "నిన్న ఉప్పు తక్కువైందేమో అనుకున్నాను" అంది. మిగిలిన ఇడ్లీలు చిదిపి తాలింపు పెట్టింది. పారేయడం మా ఇంట్లో లేదు. మర్నాడూ అదే తిన్నాం, ఆ తర్వాతా అదే.

చివరికి అమ్మ చల్లపల్లిలో ఒక కలిగినవారింట్లో వంటకి కుదిరింది. నన్ను బడి మాన్పించి వెంట తీసుకెళ్ళింది. అంతవరకే నా చదువు. పరాయి వంటింటి పొగలో దగ్గుతూ దగ్గుతూ అమ్మ అక్కడే పోయింది. పెళ్ళయి నేను బెజవాడ తిరిగొచ్చిన కొత్తలో, బజారు హోటల్లో బల్ల ముందు కూర్చుని ఇడ్లీ తింటూ ఎదురింటి తాతగారు కనిపించారు. వండిందెవరో కనుక్కున్నట్టు లేదు. నన్ను గుర్తుపట్టి, "మీ అమ్మ చేతి రుచి రాదే" అన్నారు.

కాలం అందర్నీ మారుస్తుందంటారు. మార్చింది, నేనూ చూశాను. మా అమ్మకి కావలసినప్పుడు మాత్రం అది ఒక్కరి జోలికీ పోలేదు.