గడియకు అవతల కూర్చున్నవాడు

కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ఇరవై ఆరేళ్ళుగా అదే స్టూలు. అద్దం ఒక్క పిసరు అటూ ఇటూ అయినా ఆమె చూపు పట్టేస్తుంది. సొంత తమ్ముడి విషయంలో మాత్రం ఆ చూపు ఎప్పుడూ పనిచేయలేదు.

తమ్ముడు మాటకారి. ఎవరినైనా ఐదు నిమిషాల్లో బుట్టలో వేసుకునేవాడు. తనకు పదేళ్ళప్పుడు ఆమెను సామాన్ల గదిలోకి తోసి బయట గడియ పెట్టాడు. అక్క స్నేహితురాలింటికి వెళ్ళిందని అమ్మకు చెప్పి, అన్నం తిని, ఆ తలుపు దగ్గరే కూర్చున్నాడు, సాయంత్రం దాకా. పెద్దయ్యాక అబద్ధాలు, తాగుడు, కొట్లాటలు. తోటి డ్రైవరు తల పగలగొట్టి జైలుకెళ్ళినప్పుడు ఆమె చుట్టాల ముందు ఏడ్చింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది. ఆ నిద్ర తలుచుకుని ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

నలభై మూడో ఏట బయటికొచ్చాడు. కోర్టు షరతు ప్రకారం ప్రతి మంగళవారం ఆస్పత్రిలో పదిమందితో కలిసి చికిత్స. ఆమె ఒకసారి వెళ్ళి డాక్టరమ్మను కలిసింది. ఎదుటివాళ్ళ బాధ పట్టని ఈ స్వభావాన్ని మార్చే మాత్ర ఏదీ లేదని ఆవిడ దాచకుండా చెప్పింది. తాగుడు మాన్పించవచ్చు, చెయ్యెత్తే ముందు ఆగడం నేర్పవచ్చు. నలభై దాటాక చాలామందిలో దూకుడు తగ్గుతుంది, అందరిలోనూ కాదు.

"చేసినదానికి ఎప్పటికైనా బాధపడతాడా, డాక్టర్ గారూ?"

"మాటివ్వలేనమ్మా. అతని మాటలు చూడకండి, పనులు చూడండి. ముందు మీరు జాగ్రత్తగా ఉండండి."

తమ్ముడికి గోదాములో సరుకులెత్తే పని దొరికింది. ఆదివారాలు వచ్చేవాడు. తన పదమూడేళ్ళ కూతురు ఇంట్లో లేనప్పుడే ఆమె రమ్మనేది. అతను వెళ్ళాక గదులన్నీ తిరిగి చూసుకునేది, మంచాల కింద కూడా. ఎందుకో ఆమెకే తెలీదు.

ఒక ఆదివారం టీ తాగుతూ, గ్రూపులో ఒక పని ఇచ్చారన్నాడు. తాను చేసినదాన్ని ఎదుటి మనిషి వైపు నుంచి చెప్పాలట. సామాన్ల గది సంగతి ఎత్తాడు. ఆమె ఎన్నిసార్లు అమ్మను పిలిచిందో, ఎప్పుడు గోళ్ళతో తలుపు గీకిందో, పిలవడం మానేసి ఎప్పుడు ఎక్కాలు చదువుకుందో, ఏ ఎక్కం దగ్గర గొంతు ఆగిపోయిందో వరసగా చెప్పాడు. ఆమె మర్చిపోయినవి కూడా. ఆ మధ్యాహ్నం ఇన్నేళ్ళూ అతని దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె కప్పు కింద పెట్టింది. "అప్పుడు నీకేమనిపించింది?"

"ఏమీ అనిపించలేదక్కా. బాధేసిందని చెప్పగలను, నువ్వు నమ్ముతావు కూడా. చెప్పొద్దనుకున్నా." మళ్ళీ తనే అడిగాడు. "ఏమనిపించాలి?"

ఆమె కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మరుసటేడు మళ్ళీ తాగాడు. నాలుగు వారాలు చికిత్స ఎగ్గొట్టాడు, గోదాము కిటికీ పగలగొట్టాడు. కానీ ఈసారి మనిషి మీద చెయ్యి పడలేదు. ఆస్పత్రికి తనే ఫోన్ చేసుకున్నాడు. ఇది మెరుగేనంది డాక్టరమ్మ.

ఇప్పటికీ వస్తాడు. అతను ఉన్నంతసేపూ ఆమె వీధి తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటుంది. అది అతను కనిపెట్టాడు. ఈ మధ్య అడగకుండానే దాన్ని ఆమెకు వదిలి, లోపలి గోడ వైపు వెళ్ళి కూర్చుంటున్నాడు. అది దయో, మంగళవారం నేర్చుకున్న పాఠమో ఆమె తేల్చుకోలేకపోతోంది. టీ మాత్రం పెడుతోంది.