తెలియనప్పుడు నవ్వేదాన్ని

నర్సుగా నా మొదటి ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో, ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో. మా ఊరు తుష్నాబాద్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేదాన్ని. మా ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అందరం దీదీ అనేవాళ్లం. ఆవిడా నాలాగే ఈ అండమాన్‌లోనే పుట్టిన తెలుగింటి మనిషి. పనిలో దిట్ట. అయినా మాకేదైనా సందేహం వస్తే ఆవిణ్ణి అడగకుండా పక్క వార్డుకు వెళ్లి కనుక్కునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, టీ తాగుతూ ఉన్నట్టుండి దీదీ అడిగింది.

"మీరు పక్క వార్డుకెళ్లి అడుగుతున్నారంట. నా దగ్గరికెందుకు రారు? సచ్ బోలో, నిజం సెప్పండి."

"అలాంటిదేం లేదు దీదీ," అన్నాం అందరం ఒక్కసారే.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "సరే, ముందు నా సంగతి నేనే సెప్తాను. పసిపిల్లలకి సూది పెట్టాలంటే నాకు ఇప్పటికీ గుండె దడే. అది మీకు కనబడకూడదని మొకం గట్టిగా పెట్టుకుంటాను. ఇప్పుడు మీరు సెప్పండి."

ఇంత అనుభవమున్న మనిషికి భయమా! ఆ మాట వినేసరికి నాకు ధైర్యం వచ్చింది.

"ఏదైనా అడిగితే మీరు ముందు 'ఉఫ్' అంటారు దీదీ. అది వింటే అడగబోయిన మాట గొంతులోనే ఉండిపోద్ది."

"నేనా? ఉఫ్ అంటానా?"

మిగతావాళ్లు మెల్లగా తలూపారు. ఆవిడ మొహం కందిపోయింది. హద్దు దాటానేమో అనుకున్నాను.

"ఇంట్లో మా పిల్లలూ నన్నేదీ అడగరు," అంది చిన్న గొంతుతో. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నీ గురించీ ఒకటి సెప్పనా? బురా మత్ మాన్నా, ఏమీ అనుకోకు. తెలీనప్పుడు నువ్వు నవ్వుతావు. తెలిసిందనుకుని నేను ఎల్లిపోతాను."

అప్పుడూ నేను నవ్వుతూనే ఉన్నాను. అది నాకే తెలిసొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాటికే మారిపోయామని చెప్పను. దీదీ నోటి నుంచి ఉఫ్ వచ్చేసేది, వెంటనే "మాఫ్ కరో, అడుగు" అనేది. నేను నవ్వబోయి ఆపుకుని, "తెలీదు దీదీ" అనడం అలవాటు చేసుకున్నాను. పక్క వార్డుకు వెళ్లడం తగ్గింది.

మాలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకతి ఉండేది. చర్చికి వెళ్లాలి, ఈ ఆదివారం డ్యూటీ ఎవరైనా మార్చుకుంటారా అని ఒకరోజు తనంతట తానే అడిగింది. నేను మార్చుకున్నాను. ఆ ఆదివారం సాయంత్రం తను చర్చి నుంచి తిన్నగా వార్డుకే వచ్చి, డబ్బాలో తెచ్చిన కేకు ముక్కలు నాకూ దీదీకీ పెట్టింది. కిటికీ దగ్గర నిలబడి ముగ్గురం తిన్నాం.

"ఇవాళ కష్టమైందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అయింది," అన్నాను.

"ఏటైందో సెప్పు," అంటూ ఆ అమ్మాయే పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.