మధ్యాహ్నం వేటకు పోయే కుక్క

నా చిన్నప్పుడు మా ఊళ్లో మనుషులు ఒక కుక్కకు దారి వదిలి పక్కకు జరిగేవారు. కుక్కకు భయపడి కాదు, ఆ కుక్క పక్కనున్న ఖాళీ జాగాకు భయపడి.

అది మా చిన్నతాత పెంచిన వేటకుక్క. మా తాతకు ఆయన సొంత తమ్ముడు. చెనిక్కాయ, అంటే వేరుశనగ పంట ఇల్లు చేరాక మళ్లీ వాన పడేదాకా చేలల్లో పనుండదు కాబట్టి, ఆ నెలలన్నీ ఆయన కుందేళ్ల వేటలోనే గడిపేవాడు. ఇప్పుడది నేరం. అప్పట్లో మా ఇంట ఎండాకాలం కూర అదే.

ఆయనకు రెండు కుక్కలుండేవి. గుండు మా ఊరి నాటుకుక్క. పొట్టికాళ్లు, బండ తల. ముక్కు నేలకు ఆనించి నడిచేది. ఏ పొదలో కుందేలు అణిగి ఉందో కళ్లు మూసుకునైనా చెప్పగలదు గానీ, పరుగులో దాన్ని అందుకోలేదు. రెండోవాడు సన్నోడు. కన్నడ దేశం నుంచి పిల్లగా ఉన్నప్పుడు తెచ్చిన ముధోల్ జాతి. పొడుగు కాళ్లు, వెన్నుకు అంటుకుపోయిన కడుపు, సన్నటి మూతి. ఆ జాతి కంటితో వేటాడుతుంది. ఎంత దూరంలో ఏది కదిలినా పట్టేస్తాడు కానీ, ముందు పడేసిన రొట్టెముక్కను మాత్రం కాసేపు వెతుక్కునేవాడు. గుండు పొదలోంచి లేపితే సన్నోడు తరిమి పట్టేవాడు. ఇద్దరూ కలిస్తేనే వేట.

ఇంట్లో కూడా వాళ్ల తీరు వేరు. గుండు ఎవరు పిలిచినా పోయి కాళ్ల మీద పడుకునేది. సన్నోడు మొరగడు, తోక ఊపడు, పిల్లలం దగ్గరికి పోతే లేచి ఇంకో నీడ చూసుకుంటాడు. తల మీద చెయ్యి వేయనిచ్చింది చిన్నతాత ఒక్కణ్నే. నడిచేటప్పుడు ఆయన చెయ్యి తన తలకు అందేంత దూరంలో నడిచేవాడు.

ఆ ఏడు వానల జాడ లేదు. ఎండలు ముదిరిన రోజుల్లో చిన్నతాత జ్వరం వచ్చి, ఇంట్లో మంచం మీదే పోయాడు. ఆయన్ను ఎత్తుకుపోయేటప్పుడు గుండు ఏడ్చింది. సన్నోడు వసారాలో పడుకుని తలైనా ఎత్తలేదు. ఎంతైనా పరాయి ఊరి కుక్క అన్నారు. దినాలు అయిపోయాక ఒక మిట్టమధ్యాహ్నం వాడు లేచి గడప ముందు నిలబడ్డాడు. ఎండకు కుందేళ్లు పొదలు వదలవని చిన్నతాత వేటకు బయలుదేరే వేళ అదే. సన్నోడు లోపలికి చూస్తూ, ఎవరో చెప్పులు తొడుక్కునేదాకా ఆగినట్టు ఆగి, అప్పుడు కదిలాడు.

ఇక రోజూ అంతే. మొదట గమనించింది గొర్రెల కాపరి ఒకాయన. మా నాయనతో చెబుతుంటే నేను విన్నాను.

"సన్నోడు పోతాంటే పక్కన ఒక మనిషి పట్టే జాగా ఇడిసి పోతాండాడప్పా. బాటకు ముండ్లకంప అడ్డమొస్తే కంపనైనా తొక్కుతాడు గానీ ఆ జాగాలోకి మాత్రం రాడు."

చిన్నతాతకు మోకాలి నొప్పి. వంకలోకి, అంటే వాగులోకి దిగేచోట కూర్చుని మెల్లగా జారుతూ దిగేవాడు. సన్నోడు ఇప్పటికీ అక్కడ ముందు తాను దిగి, వెనక్కు తిరిగి, గట్టు మీదినుంచి చూపును మెల్లగా కిందికి దించుతున్నాడని కాపరి చెప్పాడు.

"వాసన పట్టుకోని పోతాంటాడులే," అన్నాడు మా నాయన. అన్నాక తనే ఆగిపోయాడు. గుండు అయితే ఆ మాట చెల్లేది. సన్నోడు కంటితో పోయే కుక్క.

కొన్నాళ్లకు నేను వంటచెరకు ఏరడానికి గుట్ట దాకా పోయి, నా కళ్లతో చూశాను. గుట్ట కింద బండ పక్కన సన్నోడు కూర్చుని ఉన్నాడు. ఆకు కూడా కదలని ఎండ. వాడి చెవులు రెండూ మెల్లగా వెనక్కు ఒదిగాయి. తల కాస్త కుంగింది. కళ్లు మూతపడ్డాయి. నిమురుతున్న చేతి కింద కుక్క ఎలా ఒదుగుతుందో అచ్చం అలాగే. కాసేపటికి చెవులు లేచాయి, మళ్లీ ఒదిగాయి. పుల్లలన్నీ అక్కడే పడేసి పరిగెత్తాను. పొద్దు వాలేసరికి నా ఒళ్లు కాలిపోయింది.

జ్వరంలో నేనేం మాట్లాడానో గానీ ఊరంతా అదే మాటయింది. వానలు రాకపోవడం కూడా సన్నోడి మీదికే వచ్చింది. చంపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గుంతకల్లుకు తీసుకుపోయి, ఏదో ఒక గూడ్సు బండిలోకి ఎక్కించి వదిలేద్దామని మా నాయనా ఇంకొందరూ అనుకున్నారు.

ఆ సంగతి చెవిన పడి చిన్నవ్వ మా ఇంటికి వచ్చింది. చనిపోయిన చిన్నతాత భార్య ఆమె. తగవు పెట్టుకోలేదు. గంజి తాగుతున్న నన్ను చూసి నాయనతో అంది:

"భయపడింది పాప గదా. పాపనే అడుగుదాం. రేపు నాతో పంపప్పా."

"మళ్లీ ఆడికా చిన్నమ్మా? జరమే ఇంకా తగ్గలేదే."

"సగం జూసి పరిగెత్తుకోనొచ్చింది. అందుకే తగ్గలేదు. మిగతాది గూడా చూస్తే తగ్గుతాది."

అమ్మ వద్దే వద్దంది. నాయన నా వైపు చూసి ఊ కొట్టాడు.

మరునాడు మధ్యాహ్నం సన్నోడు ముందు, మేం వెనక. చిన్నవ్వ గుండును కూడా వెంట పిలుచుకుంది. ఎర్రనేల మీద వేడి ఆవిరిలా ఊగుతోంది. దూరపు గుట్టలు నేలను వదిలి తేలుతున్నట్టున్నాయి. చీకట్లో భయపడటం వేరు, అక్కడ ఏమీ కనిపించదు. ఆ ఎండలో రాయి రాయీ, ముల్లు ముల్లూ కనిపిస్తున్నాయి. సన్నోడి పక్కన నడుస్తున్నది మాత్రం కనిపించడం లేదు.

దారిలో చిన్నవ్వ గుండును ఆ ఖాళీలోకి అదిలించింది. గుండు నేలంతా వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి, నా కాళ్ల దగ్గరికి వచ్చేసింది.

"దీని ముక్కుకు ఆయన లేడు," అంది చిన్నవ్వ. "వాని కంటికి ఉండాడు. రెండూ అబద్ధమాడే జాతులు గాదు."

ఆ మాటకు నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి కూడా వణుకుతోంది. ఇంత పెద్ద మనిషికీ భయమేనని అప్పుడు తెలిసింది. అయినా ఆమె అడుగు తడబడలేదు.

బండ దగ్గర సన్నోడు కూర్చున్నాడు. చెవులు ఒదిగాయి. చిన్నవ్వ నన్ను తుమ్మచెట్టు కింద ఆపి, తాను పోయి వాడికెదురుగా నేల మీద కూర్చుంది. ఇంట్లో అన్నానికి పిలిచేటప్పటి గొంతుతో మాట్లాడింది.

"ఇదో, ఇంటాండావా. నిన్ను జూసి పాపకు జరమొచ్చింది. ఊర్లోవాళ్లు కుక్కను బండెక్కిచ్చి పంపిచ్చేస్తామంటాండారు. నీకు తోడు కావల్లనుంటాది, నేను కాదనను. కానీ నాకూ ఇంట్లో ఎవురూ లేరు. వాన్ని నాకిచ్చి పో."

చాలాసేపటికి సన్నోడు లేచి నిలబడ్డాడు. వాడి తల తిరగడం మొదలైంది. కుందేలు పరిగెత్తితే వాడి మెడ చటుక్కున తిరుగుతుంది. ఇప్పుడు మెల్లగా తిరిగింది, కుంటుతూ ఒక మనిషి నడిచిపోయేంత మెల్లగా. బండ దగ్గరి నుంచి బయలు మీదికి, బయలు దాటి గుట్టల వైపుకు. ముందు కాలు ఒకటి పైకి లేచింది. ఒళ్లంతా నరం నరం వణుకుతోంది. చిన్నవ్వ వాణ్ని పట్టుకోలేదు.

"నీ ఇష్టం నాయనా," అంది వాడితో.

అప్పుడు నా కాళ్ల దగ్గర పడుకున్న గుండు చటుక్కున లేచింది. గాలి లేని ఆ ఎండలో ముక్కు పైకెత్తింది. తోక ఊపింది. సన్నోడు చూస్తున్న వైపే నాలుగడుగులు వేసి, ఆగి, సన్నగా మూలిగి, తిరిగి వచ్చేసింది.

సన్నోడు ఎత్తిన కాలు కిందపెట్టాడు. చిన్నవ్వ దగ్గరికి వచ్చి ముఖంలోకి చూశాడు. ఆమె చెయ్యి చాపితే తల అందించాడు. అంతవరకూ ఏడవని మనిషి, ఆ తల నిమురుతూ ఏడ్చింది. తిరిగొచ్చేటప్పుడు వాడు ఆమె చీర అంచుకు రాసుకుంటూ నడిచాడు. వంక దిగాక వెనక్కు చూడలేదు.

ఇంటికి రాగానే నాయన నన్నే అడిగాడు. "ఏం జూస్తివి పాపా?"

"చిన్నతాత సన్నోన్ని అవ్వకిచ్చి పోయినాడు," అన్నాను.

అమ్మ నా నుదురు ముట్టుకుంది. చల్లగా ఉందట. గుంతకల్లు మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సన్నోడు ముసలివాడై కళ్లు మసకబారేదాకా చిన్నవ్వ గడపలోనే ఉన్నాడు.

విన్నవాళ్లు జ్వరమంటారు, కుక్కకు అలవాటంటారు. నేను వాదించను. అక్కడ ఎవరున్నారో నాకూ తెలియదు. నాకు తెలిసింది చిన్నవ్వ చేసిన పని ఒక్కటే. వణుకుతున్న చేత్తోనే పోయి, ఎదురుగా కూర్చుని, తనకేం కావాలో మామూలుగా అడిగింది.

ఇప్పుడు నేనుండేది బుక్కరాయసముద్రంలో. మా ఆయన పోయిన కొత్తలో, మధ్యాహ్నాలు పెరట్లోంచి ఆయన దగ్గు వినిపించేది. పక్కింటివాళ్లు ఇల్లు మారమన్నారు. ఒకరోజు పెరట్లోకి పోయి, పీట వేసుకుని కూర్చుని చెప్పాను. "ఈ ఇల్లు ఇడిసి నేను యాడికీ పోను. నన్ను భయం లేకుండా ఈడ ఉండనీ."

ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు దగ్గు వినిపించింది. నేను కందులు చెరుగుతూనే ఉన్నాను.