షాహిదా మేడం చెప్పిన ‘తెలీదు’

నిన్న చర్చికి బయలుదేరే ముందు కూతురికి స్నానం చేయిస్తుంటే, బొడ్డు పక్కన ముడతలా ఉన్న మచ్చ నా వేళ్లకు తగిలింది. “అమ్మా, చక్కిలిగిలి!” అని అది మెలికలు తిరిగింది. ఆ మచ్చ తగిలినప్పుడల్లా నాకు షాహిదా మేడం గుర్తొస్తారు. కర్నూలులో ఆమె కాన్పుల డాక్టరు. ఆమె పోయి ఏడాది దాటింది.

అప్పుడు నాకు అయిదో నెల. ఆత్మకూరు బడిలో టీచరుగా చేస్తున్నాను. తొలి కాన్పు. స్కాన్ చేస్తూ కబుర్లు చెబుతున్న మేడం ఉన్నట్టుండి మాటలు ఆపేశారు. ఒకే చోట మళ్లీ మళ్లీ చూశారు. తర్వాత నన్ను లేపి కూర్చోబెట్టి, నా భర్త దానియేలును లోపలికి పిలిచారు. “బిడ్డ పొట్ట ఒకచోట మూసుకోలేదమ్మా. ఆ సందులోంచి పేగులు బయటికొచ్చి ఉమ్మనీటిలో తేలుతాండాయి” అన్నారు. “పక్కింటి పెద్దమ్మ వద్దన్నా గ్రహణంలో బయటికి పోయినా మేడం. దానికేనా?” అని అడిగాను. “గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. నువ్వు తిన్నదానివల్లా కాదు, తిరిగినదానివల్లా కాదు. ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు” అన్నారామె.

ఆ వారమంతా దానియేలు ఫోన్ వదల్లేదు. బిడ్డ కడుపులో ఉండగానే, తల్లి పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, సన్నని గొట్టాలతో పేగుల్ని లోపలికి నెట్టి కుట్టే ఆపరేషన్ ఉందని అందులో చూశాడు. మళ్లీ వెళ్లినప్పుడు మేడం మీద గొంతు పెంచాడు. “ఊరోళ్లమని మాకు చెప్పలేదా? యాడికైనా తీసకపోతాం మేడం!” ఆమె నొచ్చుకోలేదు. “నేనూ చదివినానప్పా. చేసేవాళ్లనే అడుగుదాం” అంటూ, విదేశంలో అలాంటి ఆపరేషన్లు చేసే జట్టులో ఉన్న తన పాత శిష్యురాలికి మా ముందే ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. ఈ లోపానికి ఆ పద్ధతి ఇంకా పరీక్షల దశలోనే ఉందట. రంధ్రం పెట్టినచోట ఉమ్మనీటి సంచి చిరిగితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చట. పుట్టాక చేసే ఆపరేషన్‌తో చాలామంది పిల్లలు బాగుపడుతున్నారట.

“అయితే మా బిడ్డ బతుకుతాదా మేడం?” దానియేలు గొంతు తగ్గిపోయింది. “తెలీదప్పా. ఆశ శానా ఉండాది, మాట మాత్రం ఇయ్యలేను. వారం వారం రాండి. కాన్పు మాత్రం పిల్లల సర్జను ఉండేచోటే కావాల” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క అబద్ధం చెబితే ఆమె సొమ్మేం పోయింది?

ఆ తర్వాత వారం వారం కర్నూలు ప్రయాణమే. నందికొట్కూరు దాటాక బస్సు కుదుపులకు బిడ్డ కదిలితే ఊపిరి పీల్చుకునేదాన్ని. కదలకపోతే పొట్ట మీద మెల్లగా తట్టేదాన్ని. ఎనిమిదో నెల దాటాక పేగులు ఉబ్బినట్టు స్కాన్‌లో కనిపించింది. “ఇంక ఆగొద్దు” అని మేడం ఆ రోజే నాకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డ ఏడుపు విన్నానే గాని ముఖం చూడలేదు. పేగులకు తడి ఆరకుండా చుట్టి పక్క థియేటరుకు తీసుకెళ్లారు. అవన్నీ ఒకేసారి లోపల పట్టలేదు. మిగిలినవాటిని ఒక సంచిలో పెట్టి బిడ్డ పొట్టపైన వేలాడదీసి, రోజూ కొంచెం కొంచెంగా లోపలికి దించారు. ఆ రోజుల్లో మేడం పని ముగించుకుని వచ్చి నా మంచం అంచున కూర్చునేవారు. “ఇప్పుడన్నా చెప్పండి” అంటే, “ఇంకా తెలీదమ్మా” అనేవారు. అలా అని లేచి వెళ్లిపోయేవారు కాదు.

ఒక మధ్యాహ్నం తలమీది పైట జారుతున్నా చూసుకోకుండా గబగబా వచ్చారు. “మూసేసినారు! పేగులన్నీ లోపలికి పోయినాయి. నీ కూతురు బతుకుతాది!” నిజమేనా అని అడగాలని నాకు అనిపించలేదు. అన్నాళ్లూ అబద్ధం చెప్పని మనిషి ఆమె.

ఇప్పుడు మా బడికి మాటలు రాని పిల్లవాడిని తెచ్చి, “వీడు మాట్లాడతాడా టీచర్?” అని ఏ తల్లయినా అడిగితే, నాకు తెలియకపోతే తెలీదనే చెబుతాను. చెప్పి, బెంచీ మీద ఆమె పక్కనే కూర్చుంటాను.