పంపుహౌసు నాలుక

మా బావ ఉద్యోగం రుచి చూడటం. నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన మా ఊరి పంపుహౌసు ఉంది. పోటు వచ్చినప్పుడు సముద్రం నదిలోకి ఎగదన్నుతుంది, అప్పుడు మోటార్లు ఆపాలి. పోటు తగ్గి మంచినీళ్ళు దిగాక మళ్ళీ వేయాలి. నీళ్ళలో ఉప్పెంతో చెప్పడానికి ఒక మీటరు ఉండేది. ఉప్పుగాలికి అన్నిటికంటే ముందు అదే తుప్పు పట్టింది. బాగుచేస్తామని పట్టుకెళ్ళినవాళ్ళు ఇంకా చేస్తూనే ఉన్నారు. ఈలోగా పని ఆగకూడదని మా బావ నాలుకను నియమించారు.

ఆయన దాన్ని ఆషామాషీగా తీసుకోలేదు. డ్యూటీలో కాఫీ లేదు, సిగరెట్టు లేదు. పళ్ళు తోమడానికి పేస్టు కూడా వాడడు, ఉత్త వేలే. మెట్లు దిగి, గ్లాసుతో ముంచి, పుక్కిలించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, ఉమ్మేసి, "తీపేరా" అంటాడు. నేను స్విచ్చి వేస్తాను. ఆ మోటార్లకి మెకానిక్కుని నేనే, ఆయన భార్యకి తమ్ముణ్ణి కూడా నేనే. "ఉప్పు" అన్నాడా, పెద్దసారు ఫోను చేసినా స్విచ్చి ముట్టుకోను. ఊళ్ళో ఆయన్ని నాలుకయ్య అంటారు. పిలిస్తే పలుకుతాడు, కాస్త ఛాతీ విరుచుకుని మరీ.

నది మాత్రం తన పాట్లు తాను పడుతోంది. ఎగువన ఆనకట్ట కట్టి నీళ్ళు బిగబట్టారు. మధ్యలో ఇసుక తోడి మేడలు లేపారు. దిగువన పెద్ద పడవలు రావాలని నది మూతిని లోతుగా తవ్వారు. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగానే చేశారు. సముద్రానికి తలుపు తీసి, లోపలికి రమ్మన్నట్టయింది. గట్టు మీద రెల్లు మాడిపోతే బావ ఎండలన్నాడు. కప్పల అరుపులు ఆగిపోతే హాయిగా నిద్ర పడుతోందన్నాడు. సముద్రపు పీత ఒకటి మా మెట్టెక్కి కూర్చుంటే దారి తప్పిందన్నాడు. దాని వెనకాలే దాని చుట్టాలంతా దారి తప్పి వచ్చారు.

నీళ్ళు ఉప్పెక్కుతున్నాయేమో బావా అంటే, "నేను రుచి చూశాను కదరా, నీకెందుకు?" అన్నాడు. నేనూ గ్లాసెడు తాగి చూశాను. తీపే.

ఇంతలో మా అక్కకి బీపీ పట్టుకుంది. కాళ్ళు వాచాయి. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, తగ్గించింది. మానేయమన్నాడు, మానేసింది. బీపీ మటుకు దిగనని మొండికేసింది. "దొంగతనంగా తింటున్నావమ్మా. ఇలాగైతే పక్షవాతం వస్తుంది" అని మందలిస్తే, అక్క ఏడుస్తూ ఇంటికొచ్చింది. బావ ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. "నువ్వు మంచాన పడితే నా గతేంటే?" అన్నాడు. అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఎగువ ఊళ్ళో ఉంటున్న మేనకోడలు తల్లిని చూడ్డానికి వచ్చింది. అందరం భోజనానికి కూర్చున్నాం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, డాక్టరు వద్దంటే ఇంత ఉప్పేశావా?"

"నువ్వూ మొదలెట్టావా తల్లీ? చిటికెడు కూడా వేయలేదే. తాళంచెవి మీ నాన్న జేబులోనే ఉంది."

"సరిగ్గా సరిపోయింది కదా" అన్నాడు బావ నములుతూ. తర్వాత నమలడం ఆపేశాడు.

మేనకోడలు బిందెలో నీళ్ళు నోట్లో పోసుకుని బయటికి పరిగెత్తి ఉమ్మింది. తన ఊరి నుంచి తెచ్చుకున్న సీసా తండ్రికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, "ఇవేంటి, చేదుగా ఉన్నాయి?" అన్నాడు. అడిగాక అర్థమైంది ఆయనకి. ఉప్పు రోజుకింత పెరిగింది, దాంతోపాటే ఆయన నాలుకా సర్దుకుపోయింది. నాకు జాలీ వేసింది, భయమూ వేసింది. నాదీ ఆ నాలుకే కదా.

మర్నాడు పోటు బాగా తగ్గాక కూతుర్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనకి తీపి. ఆమెకి ఉప్పు. "ఆపరా" అన్నాడు. ఆపేశాను.

పెద్దసారు ఫోను చేశాడు. "నీళ్ళు తీపని నువ్వేగా చెబుతూ వచ్చావు?"

"నా నాలుక చెడిపోయింది సార్. ఈ ఊళ్ళో అందరిదీ చెడిపోయింది. బయటినుంచి ఎవర్నైనా పంపండి."

సారు సగమే విన్నాడు. బావని ఇంట్లో కూర్చోమని, మా ఊరి కుర్రాణ్ణే ఒకణ్ణి పెట్టాడు. వాడు పుక్కిలించి, కళ్ళు మూసుకోవడం కూడా మర్చిపోకుండా, "తీపే" అన్నాడు. మోటార్లు తిరిగాయి. స్విచ్చి వేసింది నేనే.

బావ బస్సెక్కి కూతురి ఊరి నుంచి డబ్బాలతో నీళ్ళు మోసుకురావడం మొదలుపెట్టాడు. అక్క ముక్కు మూసుకుని మందులా తాగింది. బీపీ దిగింది.

"ఇప్పటికి మాట విన్నావన్నమాట" అని డాక్టరు మెచ్చుకున్నాడు.

"నీళ్ళు మార్చామండీ" అన్నాడు బావ.

"నీళ్ళకేమైందయ్యా? నేనూ అవే తాగుతున్నాను, బాగానే ఉన్నాయిగా" అని డాక్టరు సీసా ఎత్తి తాగాడు.

బయట వరండాలో బెంచీల నిండా మనుషులు, అందరి కాళ్ళూ వాచి ఉన్నాయి. చివర కూర్చున్న ఒకామె ముందు బావ గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మన కుళాయి నీళ్ళు తాగొద్దు" అన్నాడు.

ఆమె నవ్వింది. "భలేవాడివే అన్నయ్యా. నువ్వు రుచి చూశాకే కదా వదిలేది, మాకేం భయం?"